ఇంట్లో నగ కనిపించకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది వరంగల్‌లో అవుసుల, అంటే బంగారు పని చేసే కంసాలి కుటుంబం. నాన్న తరంతోనే కుంపటి ఆరిపోయింది. అయినా నగ తెగినా, వంగినా, కనిపించకుండా పోయినా బంధువులూ పాత వాడుకవాళ్లూ ఇప్పటికీ మాకే ఫోను చేస్తారు. పోయిన నగ గురించి వాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, నేను చెప్పే జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఇంట్లో పోయిన నగ చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. మన కంగారే దాన్ని గడప దాటిస్తుంది.

నగ లేదని ఇప్పుడే గమనించాను. మొట్టమొదట ఏం చేయాలి?

వెతకడం మొదలుపెట్టకండి. ముందు ఇంట్లో కదిలేవాటిని ఆపండి. చీపురు మూలన పెట్టించండి. సింకులో, స్నానాలగదిలో నీళ్లు వదలడం ఆపండి. వాషింగ్ మెషిన్ తిరుగుతుంటే ఆపేయండి. చెత్త బుట్టను గుమ్మం బయట పెట్టి ఉంటే లోపలికి తెచ్చుకోండి. ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టల మూట కట్టి ఉంటే విప్పకుండా అలాగే ఉంచండి. దులపకుండా పరుపు కూడా అలాగే ఉండనివ్వండి.

నగ పడిన చోట పడినట్టే ఉంటే దాన్ని పట్టుకోవడం తేలిక. పడిన నగను మనమే ఊడ్చి, కడిగి, దులిపి ఇంకో చోటికి పంపించేస్తాం. ఆ తర్వాత పడిన చోటే వెతుకుతూ కూర్చుంటాం. అందుకే ఇల్లు కదలకుండా ఆపడం సగం పని.

ఎక్కడి నుంచి వెతకాలి?

నగ ఒంటి మీద ఉందని కచ్చితంగా తెలిసిన చివరి సమయం ఏమిటో తేల్చుకోండి. "నిన్న సాయంత్రం ఉంది" అని అందరూ అంటారు. నిజానికి అది చూసిన మాట కాదు, ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఉందనుకున్న మాట. ఇందుకు ఫోను బాగా పనికొస్తుంది. రెండు మూడు రోజుల ఫొటోలు తెరిచి చెవులూ మెడా పెద్దవి చేసి చూడండి. ఇంట్లో ఎవరో తీసిన గ్రూపు ఫొటోలో మీ ఎడమ చెవి కనిపిస్తే చాలు, వెతకాల్సిన కాలం వారం నుంచి పూటకు తగ్గుతుంది.

తర్వాత మీ ఒంటిని మీరే వెతుక్కోండి. ఇది చెబితే నవ్వుతారు కానీ, కమ్మ శీలలు జడలో, గొలుసులు జాకెట్టు లోపల, ముక్కుపుడకలు శాలువా దారాల్లో దొరికిన సందర్భాలు లెక్కలేనన్ని. నిలబడిన చోటే కింద ఒక తెల్ల పంచె పరిచి, చీర కుచ్చిళ్లు దాని మీదే విప్పండి. కొంగు ముడి చూడండి. తల తుడుచుకున్న తువ్వాలు చూడండి.

ఆ తర్వాత పడక. దుప్పటిని లాగి దులపవద్దు. నాలుగు మూలలూ లోపలికి మడిచి మూటలా ఎత్తి, తెల్లగుడ్డ మీద విప్పండి. దిండు గలీబులను పూర్తిగా తిరగేసి మూలల కుట్టు దగ్గర వేలు పెట్టి చూడండి. మంచానికీ గోడకూ మధ్య సందు, పరుపు అంచు కుట్టు మడత కూడా వదలకండి. ఇవన్నీ అయ్యాకే గది నేల.

ఒక గది ఒకరికే అప్పజెప్పండి. నలుగురు ఒకే గదిలో వెతికితే ఎవరి కాలికిందో ఒకరి కాలికింద నగ నలుగుతుంది. పైగా ఆ మూల ఎవరో ఒకరు చూసే ఉంటారని నలుగురూ అనుకుంటారు.

ఏ నగ ఎక్కడ పోతుందో ముందే ఊహించవచ్చా?

చాలావరకు ఊహించవచ్చు. ఒక్కో నగ జారడానికి ఒక్కో కారణం ఉంటుంది.

కమ్మలకు శత్రువు వెనక శీల. మర అరిగిన శీల తల దువ్వుకునేటప్పుడు, ఫోను చెవికి పెట్టుకున్నప్పుడు, పసిపిల్లను భుజాన వేసుకున్నప్పుడు కొద్దికొద్దిగా వదులవుతుంది. ముందు శీల పడుతుంది, ఆ తర్వాత కొన్ని గంటలకు కమ్మ పడుతుంది. అంటే రెండూ ఒకే చోట దొరకవు. శీల దొరికిన చోటు నుంచి మీరు ఆ రోజు ఎటు తిరిగారో అటు వెతకండి. బుట్టకమ్మలకు మాటీలు పెట్టుకునేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. కమ్మ ఊడినా మాటీ జుట్టుకు పట్టుకుని వేలాడుతుంది. ఎక్కడో దువ్వెన తగిలినప్పుడు రెండూ కలిసి పడతాయి.

ఉంగరం చలికాలంలో, చేతులు తడిగా ఉన్నప్పుడు జారుతుంది. చలికి వేళ్లు సన్నబడతాయి, సబ్బు నురుగు మిగతా పని చేస్తుంది. పిండి కలిపేటప్పుడు ఉంగరం తీసి గట్టు మీద పెట్టి, పనయ్యాక గట్టు తుడిచేసే అలవాటు చాలామందికి ఉంది. అలా పోయిన ఉంగరం తుడిచిన గుడ్డ మడతలోనో, ఎసరు గిన్నె వెనకనో, ఒక్కోసారి చపాతీ ముద్దలోనో ఉంటుంది.

మెట్టె చుట్టు పూర్తిగా మూసి ఉండదు, చివరలు విడిగా ఉంటాయి. దుప్పటి దారం, గోనెపట్టా పీచు అందులో చిక్కుకుంటాయి. కాలు లాగగానే మెట్టె అక్కడే ఉండిపోతుంది. గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టాను తిరగేసి చూడండి. పట్టీలకు కొక్కెం తెరుచుకుంటుంది. అవి చప్పుడు చేస్తాయి కాబట్టి బయట కన్నా నిద్రలోనే ఎక్కువ పోతాయి.

పుస్తెలతాడు, గొలుసులు ఊడవు, తెగుతాయి. తెగే చోటు దాదాపు ఎప్పుడూ కొక్కెం పక్కనున్న చుట్టే. ఏళ్ల తరబడి రాపిడికి అక్కడి తీగ సగానికి సగం అరుగుతుంది. తెగిన గొలుసు వెంటనే కింద పడదు, జాకెట్టులో ఆగుతుంది. బట్టలు మార్చుకున్న చోటు, ఉతికే బట్టల బుట్ట మొదట చూడాల్సినవి అందుకే. తాడులోని పుస్తెలు, గుండ్లు, పగడాలు విడివిడిగా దొర్లిపోయి ఉండవచ్చు. ఎన్ని ఉండాలో ఫొటో చూసి లెక్కపెట్టుకోండి.

దొంగల భయంతో నేనే దాచాను. ఎక్కడ దాచానో గుర్తు రావడం లేదు.

నాకు వచ్చే ఫోన్లలో ఇదే ఎక్కువ. మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ వెళ్లేటప్పుడో, ఊళ్లో పెళ్లికి పోయేటప్పుడో బీరువాలో ఉన్న నగను తీసి "ఇక్కడైతే ఎవరికీ అనుమానం రాదు" అని ఇంకెక్కడో పెడతారు. తిరిగొచ్చేసరికి ఆ అనుమానం వాళ్లకే రాదు.

దాచిన చోటు గుర్తు చేసుకోవడానికి తల పట్టుకుని కూర్చోవద్దు. దాచిన రోజు చేసిన పనిని మళ్లీ చేయండి. బ్యాగు సర్దండి. తాళాలు తీయండి. అదే గదిలో అదే వేళకు నిలబడి, "ఇప్పుడు ఆటో వచ్చేసింది, చేతిలో నగ ఉంది" అనుకుని చూడండి. చేయి తనంతట తాను ఒక వైపు పోతుంది. మా మేనత్త బంగారు గుండ్ల దండ ఇలాగే దొరికింది. ఆమె వెతికిందంతా దేవుడి గూడు, బీరువా. బయలుదేరే హడావుడి మళ్లీ నటించమంటే నేరుగా వంటింట్లోకి నడిచి కందిపప్పు డబ్బా మూత తీసింది. అప్పటికి పైనున్న పప్పు కొంత వండేశారు కూడా. గుండ్లు అడుగున, పప్పు రంగులోనే కలిసిపోయి ఉన్నాయి.

మన ఇళ్లలో దాపుడు చోట్లు ఏమంత రకరకాలుగా ఉండవు. బియ్యం డబ్బా, పప్పుల డబ్బాలు, పసుపు కారం పెట్టే పోపుల డబ్బా కింద గిన్నె, పట్టుచీర మడత, పాత చేతిసంచి లోపలి జేబు, సజ్జ మీద ఇత్తడి బిందె, దేవుడి పటం వెనక, కుట్టుమిషన్ సొరుగు, వాడని ప్రెషర్ కుక్కర్. డబ్బాల్లో చేయి పెట్టి కలియబెట్టడం చాలదు, పళ్లెంలో ఒంపి చూడండి. బీరువాలో లాకరు సొరుగును పూర్తిగా బయటికి లాగి, దాని వెనక పడిన సందులో టార్చి వేయండి. అరల్లో పరిచిన పాత దినపత్రికల కిందా చూడండి.

ఇంకొకటి. నగల దుకాణాల్లో చుట్టి ఇచ్చే గులాబీ రంగు పల్చటి కాగితంలో నగను అలాగే ఉంచేవాళ్లు చాలామంది. నలిగిన ఆ పొట్లం చెత్తకాగితంలా కనిపిస్తుంది. సర్దుడు పని పిల్లలకు అప్పజెప్పారంటే అది నేరుగా బుట్టలోకే వెళ్తుంది. కాగితాన్ని తీసేసి డబ్బీలో పెట్టుకోండి.

దాచింది ఇంట్లో పెద్దవాళ్లయి, వాళ్లకు ఈ మధ్య తరచూ మరపు వస్తుంటే నగ గురించి గద్దించవద్దు. గద్దిస్తే గుర్తుకొచ్చేది కూడా రాదు. చిన్నప్పుడు వాళ్లమ్మ నగలు ఎక్కడ పెట్టేదని కబుర్లలో పెట్టి అడిగితే చాలాసార్లు దారి దొరుకుతుంది. మరపు పెరుగుతూ ఉంటే మాత్రం వైద్యుడికి చూపించాలి. అది నగ కన్నా పెద్ద సంగతి.

ముక్కుపుడక నేల మీద పడింది, కనిపించడం లేదు. ఊడ్చవచ్చా?

ఊడ్చే ముందు దీపాలు ఆర్పి, టార్చిని నేలకు ఆనించి పెట్టి పక్కవాటుగా వెలుగు వేయండి. పైనుంచి వేసే వెలుగులో నేలా నగా ఒకటిగా కనిపిస్తాయి. పక్కనుంచి వేస్తే చిన్న పూసకు కూడా పొడవాటి నీడ పడుతుంది, రాయి ఉంటే మెరుస్తుంది. మీ కళ్లు కూడా నేలకు దగ్గరగా ఉండాలి. వంగలేకపోతే ఇంట్లో చిన్నపిల్లలను పడుకోబెట్టి చూడమనండి, వాళ్లకది ఆట.

వాక్యూమ్ క్లీనర్ ఉంటే గొట్టం మూతికి పాత పల్చటి మేజోడు తొడిగి రబ్బరు బ్యాండు వేయండి. దుమ్ము లోపలికి పోతుంది, పుడక మేజోడుకు అతుక్కుంటుంది.

అప్పటికీ దొరక్కపోతే మెల్లగా ఊడ్చి, వచ్చిన చెత్తను పారేయకుండా ఉంచండి. దాన్ని కడగడం మా వాళ్ల పాత విద్య. అవుసుల దుకాణాల్లో రోజూ ఊడ్చిన దుమ్ము పారేసేవారు కాదు. కాలువ మట్టిని, దుకాణాల దుమ్మును కడిగి బంగారు రజను ఏరుకుని బతికే జలగడుగువాళ్లు ఉండేవారు. ఇసుక కన్నా బంగారం చాలా బరువైనది. ఇసుక బరువు అంతే పరిమాణం నీటికి రెండున్నర రెట్లకు కాస్త పైన ఉంటే, మేలిమి బంగారం 19.3 రెట్లు. 22 క్యారెట్ల నగ కూడా 17 రెట్లకు తగ్గదు.

చేసే పద్ధతి ఇది. వెడల్పాటి తాంబాళంలో ఊడ్చిన చెత్త వేసి, నీళ్లు పోసి, వెంట్రుకలూ నూగూ తేలితే చేత్తో తీసి పక్కన పెట్టండి, పారేయకండి. వెంట్రుకల ఉండలో పుడక చిక్కుకోవడం మామూలే. తర్వాత తాంబాళాన్ని కొద్దిగా వాల్చి, గుండ్రంగా తిప్పుతూ పైనున్న మురికినీటిని బకెట్లోకి వంచండి. మళ్లీ నీళ్లు, మళ్లీ తిప్పడం. తేలిక మన్ను పోయి, అడుగున ఇసుక గీత మిగులుతుంది. ఆ గీత అంచున పసుపుపచ్చగా ఉండేదే మీది. నీటిని మోరిలో పోయకుండా బకెట్లోకే వంచమన్నది ఎందుకో చెప్పక్కర్లేదు.

చెత్తను కాల్చి బూడిదలో వెతుకుదామని కొందరు సలహా ఇస్తారు. వద్దు. పాత నగల గుండ్లలో లోపల లక్క నింపి ఉంటుంది, రాళ్లు కూడా లక్కలో కూర్చి ఉంటాయి. వేడికి లక్క కరిగి నగ చొట్టపోతుంది.

అయస్కాంతం పనిచేస్తుందా?

బంగారానికీ వెండికీ పనిచేయదు. పిన్నీసులు, జడపిన్నులు ఏరిపారేయడానికి పనికొస్తుంది, అంతే.

ఉంగరం సింకులో పడిపోయింది.

కుళాయి కట్టేయండి. సింకు కింద గొట్టం వంపు తిరిగి ఉంటుంది, లేదా గిన్నెలాంటి మరమూత ఉంటుంది. దుర్వాసన పైకి రాకుండా నీరు నిలబడేది అక్కడే. బరువైన వస్తువు కూడా అక్కడే ఆగుతుంది. కింద బకెట్ పెట్టి ఆ మూతను చేత్తో తిప్పితే ఊడివస్తుంది. స్నానాలగదిలోనైతే నేలలో జాలీ కింద గిన్నె ఉంటుంది, దాన్ని ఎత్తి తీయవచ్చు. చేతికి తొడుగు వేసుకోండి.

అడ్డం పడిందేమోనని యాసిడ్ గానీ కాలువలు శుభ్రం చేసే పొడి గానీ పోయకండి. బంగారానికి పెద్దగా నష్టం ఉండకపోవచ్చు, కానీ ముత్యాలూ పగడాలూ సున్నం జాతివి. యాసిడ్ తగిలితే మెరుపు పోవడం కాదు, కరిగిపోతాయి. మన పుస్తెలతాళ్లలో పగడం ఉండని ఇల్లు తక్కువ.

మరుగుదొడ్డిలో పడితే నీళ్లు వదలకుండా ప్లంబర్‌ను పిలవండి. నీళ్లు వదిలేసినా ఆశ ఉంది. బరువైన నగ దొడ్డి వంపులోనే ఆగిపోవచ్చు, లేదా బయటి మొదటి చాంబర్లో పడి ఉండవచ్చు. సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం ఎవరినీ దింపవద్దు. విషవాయువులకు క్షణాల్లో ప్రాణం పోతుంది. మనుషులను అలా దింపడాన్ని 2013 నాటి చట్టం కూడా నిషేధించింది. ఎంత పెద్ద హారమైనా అంతే.

వాషింగ్ మెషిన్లో పడి ఉంటుందా?

ముందు తలుపున్న మెషిన్ అయితే తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతలో వేలు పెట్టి చుట్టూ తిప్పండి. ఆ తర్వాత అడుగున చిన్న మూత వెనకున్న ఫిల్టరు తీయండి. నీళ్లు వస్తాయి, పళ్లెం పెట్టుకోండి. పైమూత మెషిన్ అయితే నూలు పట్టే జాలీ సంచి చూడండి. వీటిలో లేకపోయి తొట్టిలో గలగల వినిపిస్తుంటే మెకానిక్ పని. మెషిన్ తిప్పకుండా పిలవండి.

బతుకమ్మ పేర్చేటప్పుడు ఉంగరం పోయింది.

ప్రతి ఏటా సద్దుల బతుకమ్మ నాడు కనీసం ఒక ఫోనైనా వస్తుంది. తంగేడు దూసి, గునుగు కాడలు కత్తిరించి, రంగులద్ది వరుసలు పేర్చే చేతులు గంటల తరబడి తడిగా, జిగటగా ఉంటాయి. ఉంగరం జారిందని అప్పుడు తెలియదు. పేర్చాక మిగిలిన కాడలు, ఆకుల కుప్పను అందుకే ఆ రాత్రి పారేయకూడదు.

బతుకమ్మను ఎత్తుకుని బయలుదేరే ముందే చేతులు చూసుకోండి. ఇంట్లోనే గమనిస్తే సగం దారి దక్కినట్టే. పేర్చేటప్పుడు కూర్చున్న చాప, రంగు కలిపిన గిన్నెల అడుగు, కాడల కుప్ప, తాంబాళం, ఈ వరుసలో చూడండి. కుప్పను గుప్పెడు గుప్పెడుగా తెల్లగుడ్డ మీద విదిలించాలి. వరుసల మధ్యలో నింపిన ఆకుల్లో పడి ఉంటే మాత్రం అది భద్రకాళి చెరువుకో, మీ ఊరి చెరువుకో గౌరమ్మతో పాటే వెళ్లిపోయింది. చెరువులో దిగి వెతకమని నేను చెప్పను. మా అమ్మ పేర్చడానికి కూర్చునే ముందే ఉంగరాలు తీసి పుస్తెలతాడుకు గుచ్చుకునేది. అంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు.

చెత్త బండిలో వెళ్లిపోయిందనుకుంటున్నాం.

నడవండి, కాదు, పరుగెత్తండి. వీధి ఆటోలోని చెత్త పెద్ద బండిలోకి మారేలోపు ఆటోను పట్టుకోగలిగితే ఆశ ఉంటుంది. ఆటో నడిపే మనిషి ఫోను నంబరు వీధిలో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. లేకపోతే మున్సిపల్ కార్పొరేషన్ డివిజన్ పారిశుధ్య సిబ్బందిని అడగండి. మీ చెత్త సంచి రంగు, దాంట్లో గుర్తుపట్టదగ్గ వస్తువేదైనా చెప్పండి. "మా పెసరపప్పు ప్యాకెట్లు, పాల కవర్లు" అంటే అందరివీ అవే. మడికొండ వైపు డంపింగ్ యార్డుకు చేరాక వెతకడం ఎవరి వల్లా కాదు. ఆటోలో వాళ్లు వెతికి పెడితే చేతిలో మంచి మొత్తం పెట్టండి. బేరం ఆడే చోటు కాదు.

పసిపిల్లాడు మింగి ఉంటాడని అనుమానం.

వెతకడం ఇంకొకరికి అప్పజెప్పి పిల్లవాడిని చూడండి. ఊపిరి అందకపోయినా, మాట రాకపోయినా, దగ్గు ఆగకపోయినా 108కి ఫోను చేయండి. చొంగ కారడం, మింగలేకపోవడం, వాంతులు, కడుపు నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. బాగానే ఆడుకుంటున్నా చూపించడం మంచిది. కమ్మ కాడ మొన తేలి ఉంటుంది. ఎక్స్-రేలో లోహం స్పష్టంగా కనిపిస్తుంది. నున్నటి చిన్న ఉంగరం చాలాసార్లు తనంతట తానే బయటికి వచ్చేస్తుంది. ఆ మాట వైద్యుడు చెప్పాలి, పొరుగింటావిడ కాదు. వాంతి చేయించడం, అరటిపండ్లు తినిపించడం లాంటివి చేయకండి.

పనిమనిషిని అడగవచ్చా?

అడగవచ్చు. ఎలా అడుగుతున్నారన్నదే అసలు విషయం. "అమ్మా, కమ్మ కనిపించడం లేదు, ఊడ్చేటప్పుడు ఏమైనా తగిలిందా, చెత్త ఎక్కడ వేశావు?" అన్నది ఒక ప్రశ్న. "నువ్వు తప్ప ఆ గదిలోకి ఎవరూ రాలేదు" అన్నది ప్రశ్న కాదు, నింద. రెండో మాట వీధి చివరకు వెళ్లేసరికి ఆమెకు మిగతా ఇళ్లలో పని పోతుంది. ఆ తర్వాత మీ కమ్మ సోఫా మడతలో దొరుకుతుంది. ఆమె పోయిన పని ఎక్కడ దొరుకుతుంది?

నేను ఖండితంగా చెప్పే మాట ఒకటుంది. పైన చెప్పిన చోట్లన్నీ మీరు పూర్తిగా వెతికే వరకు ఎవరి పేరూ నోట రానివ్వకండి. ఇంట్లోవాళ్ల పేరు కూడా. కోడలి పుట్టింటివాళ్లు వచ్చి వెళ్లిన రోజే నగ కనిపించలేదని గమనించడం, ఆ రోజే అది పోయిందని రుజువు కాదు. చిన్నపిల్లల ముందు "ఎవరో తీశారు" అని కూడా అనవద్దు. ఆ మాట సాయంత్రానికల్లా పక్కింటికి చేరుతుంది.

అడిగే పని ఉంటే ఇంట్లో అందరినీ, అందరి ముందూ, ఒకే మాటతో అడగండి. దొరికాక అంతమందికీ, అంతే గట్టిగా చెప్పండి. రెండోది చాలామంది మరచిపోతారు.

పోలీసులకు ఎప్పుడు చెప్పాలి?

తాళం పగిలితే, బీరువా తెరిచి ఉంటే, ఒకటి కాక పలు వస్తువులు ఒకేసారి పోతే, కాగితాలు చిందరవందరగా ఉంటే వెంటనే 100 లేదా 112కి ఫోను చేయండి. అప్పుడు దేన్నీ ముట్టుకోవద్దు, వేలిముద్రలు పోతాయి. పైన చెప్పిన వెతుకులాట అక్కడ వర్తించదు.

ఒక్క నగ మాత్రమే పోయి, బలవంతంగా ఎవరూ వచ్చిన ఆనవాలు లేకపోతే ముందు ఇల్లంతా వెతకండి. దొరక్కపోతే ఫిర్యాదులో జరిగింది జరిగినట్టే రాయండి. "కనిపించడం లేదు" అన్నదాన్ని "ఫలానావారు దొంగిలించారు" అని మార్చి రాయకండి. ఇంట్లోంచి దొంగతనం 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 305వ సెక్షన్ కిందికి వస్తుంది, ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. అంత బరువున్న మాటను అనుమానం మీద రాయకూడదు. తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడమూ నేరమే. ఎఫ్ఐఆర్ నమోదైతే నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

ఫిర్యాదుతో పాటు ఫొటో, బిల్లు, బరువు, హెచ్‌యూఐడీ ఇవ్వండి. హాల్‌మార్క్ నగల మీద చెక్కే ఈ ఆరక్షరాల సంకేతం ఏ రెండు నగలకూ ఒకటి కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఇది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. పాత నగల మీద ఉండదు. వాటికి ఫొటోయే సాక్ష్యం.

అంజనం వేయిస్తే దొరుకుతుందా? మొక్కుకుంటే?

మొక్కుకోండి. వేములవాడ రాజన్నకు కోడె కడతామనో, సమ్మక్కకు బెల్లం తూకం వేస్తామనో మొక్కుకుంటే మనసు కుదుటపడుతుంది, కుదుటపడిన మనసుతో వెతికితే కళ్లు పనిచేస్తాయి. కార్తవీర్యార్జునుణ్ని తలచుకుంటూ వెతికే పెద్దవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు. ఎవరికీ నష్టం లేదు.

అంజనం, తమలపాకులో మొహం చూడటం, సోది చెప్పించడం వేరు. వాటిలో చివరకు వచ్చేది నగ కాదు, ఒక మనిషి పోలిక. "పొట్టిగా, నల్లగా, తూర్పు వైపు ఇల్లు" అంటారు. ఆ పోలికకు సరిపోయే మనిషి ప్రతి వాడలోనూ ఉంటుంది. అందుకే నేను వద్దంటాను.

పుస్తెలు పోయాయి. అపశకునమా?

అరిగిన కొక్కెం తెగింది, అంతే. దొరికేదాకా మెడ బోసిగా ఉండకూడదనుకుంటే పసుపుతాడుకు పసుపు కొమ్ము కట్టి వేసుకోవడం మన ఇళ్లలో మామూలే. అత్తగారు ఏమంటారోనని మూడు రోజులు దాచిపెట్టి, ఆ మూడు రోజులూ ఇల్లు ఊడ్చి కడిగేవాళ్లు ఉంటారు. చెప్పేయండి. ఆవిడే ముందు వెతుకుతుంది.

బీమా డబ్బు వస్తుందా? లాకరు మేలా?

ఇంటి బీమాలో నగలకు విడిగా రక్షణ తీసుకుని ఉంటే, దొంగతనం జరిగిందని ఎఫ్ఐఆర్ ఉన్నప్పుడు రావచ్చు. ఎలా పోయిందో తెలియని నష్టాన్ని చాలా పాలసీలు మినహాయిస్తాయి. పాలసీ పత్రంలో మినహాయింపుల పేజీ చదవండి.

బ్యాంకు లాకరులో ఏముందో బ్యాంకుకు తెలియదు, దానికి బీమా కూడా చేయదు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 2022 జనవరి 1 నుంచి అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం వంటి సందర్భాల్లో బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. రెండు వేల అద్దె లాకరుకు రెండు లక్షలు. పది తులాల దండకు అది ఏ మూలకు?

నగ దొరికింది. ఎలా శుభ్రం చేయాలి?

గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల కుంకుడు రసం, మెత్తటి కుంచె. ముత్యాలు, పగడాలు ఉంటే నానబెట్టకండి, తడిగుడ్డతో తుడవండి. కరీంనగర్ వెండి తీగపని నగ అయితే కుంచె కూడా గట్టిగా ఆనించవద్దు. వెంట్రుకంత తీగలు మెలితిప్పి అతికిన పని అది, వంగితే మళ్లీ ఆ చేయి పడితేనే సరవుతుంది. వేసుకునే ముందు అవుసలి దగ్గరికి తీసుకెళ్లి కొక్కెం, పక్క చుట్టు, శీల మర చూపించండి. ఏ కారణంతో పోయిందో అది బాగు చేయకుండా వేసుకుంటే మళ్లీ నాకే ఫోను చేస్తారు.

పాత ఇల్లు కూలగొడుతుంటే గోడలో నగలు దొరికాయి. ఎవరివి?

మీ నాయనమ్మ గూట్లో పెట్టి మరచిన డబ్బీ అని ఇంట్లో అందరికీ తెలిస్తే అది వారసుల మధ్య మాట. ఎవరు దాచారో తెలియకుండా నేలలోనో, నేలకు అంటుకున్న కట్టడంలోనో దొరికితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఉంది. విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. పది రూపాయల హద్దు అప్పటిది, ఇంకా మారలేదు. కూలీలతో గుట్టుగా పంచుకున్న లంకెబిందెలు కొన్నాళ్లకు పోలీసు స్టేషన్లోనే తేలతాయి.

ఎంత వెతికినా దొరకలేదు. ఎప్పుడు ఆపాలి?

అన్ని చోట్లా ఇద్దరు వేర్వేరు మనుషులు చూశాక ఆపేయండి. నగ ఫొటో, బరువు, పోయిన తేదీ ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించండి. కమ్మల్లో ఒకటే పోతే రెండోదాన్ని తొందరపడి కరిగించవద్దు, కనీసం ఇంటికి సున్నం వేసే వరకు ఆగండి. బీరువా జరిపేదీ, మంచం విప్పేదీ, సజ్జ ఖాళీ చేసేదీ అప్పుడే. సున్నం వేసేవాళ్లకు మొదటి రోజే ఫొటో చూపించి, దొరికితే ఎంత ఇస్తారో కూడా చెప్పండి. అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నా అంతే, తాళం చేతులు మారేలోపు ఇంటి యజమానికి మీ ఫోను నంబరు ఇచ్చి రండి.